ఇరవయ్యో మనిషి

వెనకాల వస్తోంది అని ఎందుకన్నట్టు? అవతలివాడు అడిగిందేమిటి, తను అన్నదేమిటి? కిటికీలో కూర్చున్న టికెట్ల మనిషి రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని "ఇంకొకరేరీ?" అన్నాడు, అంతే. దానికి సవాలక్ష జవాబులున్నాయి. రాలేదు అనొచ్చు. ఒక్కణ్ణే అనొచ్చు. తల అడ్డంగా ఊపినా సరిపోయేది. నోరు మాత్రం తన పాటికి తాను అనేసింది, "వెనకాల వస్తోంది" అని. టికెట్ల మనిషి తలెత్తకుండానే రెండిటినీ కలిపి చించి, అరచేతిలో ఉన్న లెక్కపెట్టే మరను రెండుసార్లు నొక్కాడు. ఆ రెండో చప్పుడు వినబడ్డాక గానీ అతనికి తానేమన్నాడో తెలియలేదు. అప్పటికి వెనకనున్నవాళ్ళు తోస్తున్నారు. కాళ్ళు మెట్లు దిగడం మొదలుపెట్టేశాయి.

పోనీ, వెనక్కి వెళ్ళి చెప్పొచ్చు. ఏమని? బాబూ, ఆవిడ రాదు, ఐదు నెలల కిందట పోయింది అని. ఈ మాట అతను ఇంతవరకూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం పడలేదు కూడా. బంధువులకీ ఇరుగుపొరుగుకీ కూతురే చెప్పింది. కాగితాల మీద కూతురే రాసింది. అతను సంతకం మాత్రం పెట్టాడు. వీధిలో ఎవరైనా ఎదురైతే వాళ్ళే ముందుగా మొహం అదోలా పెట్టి చెయ్యి పట్టుకునేవాళ్ళు. ఇక అతను చెప్పడానికేముంది?

మెట్లు ఒక మనిషి పట్టేంత వెడల్పే ఉన్నాయి. మెలికలు తిరుగుతూ దిగుతున్నాయి. పైనుంచి దిగేవాళ్ళకి ఎదురెక్కడం కుదరదు. అదీ ఒకందుకు మంచిదే అనిపించింది. కుదరని పని చేయలేదని ఎవరూ అనరు కదా.

ముప్ఫై రెండేళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి అతను. చేతిలో ఇనప కొక్కెం, చంకలో పుస్తకం, జేబులో టార్చి. గుమ్మం ముందు గుంట మీది మూత కొక్కెంతో లేపాలి, వంగి టార్చి వేసి అంకె చూడాలి, రాసుకోవాలి, మూత వేసి తర్వాతి గుమ్మానికి పోవాలి. రోజుకి రెండు వందల గుమ్మాలు. ఎక్కడైనా రెండు నిమిషాలు ఆగితే సాయంత్రానికి వీధులు మిగిలిపోతాయి. ఆ నడక ఒంటికి పట్టేసింది. సెలవురోజు షికారుకి వెళ్ళినా అదే నడక. పెళ్ళైన కొత్తలో భార్య "మీతో నడవడమంటే రైలు వెనకాల పరిగెత్తడమేనండీ" అనేది. తర్వాత్తర్వాత అనడం మానేసి పది అడుగుల వెనక స్థిరపడిపోయింది. ఎదురింటావిడ వేళాకోళం చేసేది కూడా: "మీ ఆయన మలుపు తిరిగాడంటే పొయ్యి మీద టీ పెట్టేస్తాను. అది పొంగేసరికి నువ్వూ వస్తావు."

ఈ ప్రయాణం ఆవిడ కోరికే. బట్టలు సరిచేసే దుకాణంలో పనిచేసేది. పొడుగు పాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం. అక్కడ ఎవరో వదిలేసిన పత్రికలో ఈ భూగర్భ సమాధుల బొమ్మ చూసింది. చూసినప్పటి నుంచీ ఒకటే పాట. గంటకి ఇరవై మందినే దింపుతారనీ, ఆరు నెలల ముందే టికెట్లు తీసుకోవాలనీ కనుక్కుని, కూతురి కంప్యూటర్లో ఇద్దరి పేర్లూ తనే కొట్టుకుంది. "చచ్చినవాళ్ళని చూడ్డానికి టికెట్టా! ఇంట్లో నేనున్నానుగా, నన్ను చూడు" అన్నాడతను. "మిమ్మల్ని వెనకనుంచి తప్ప ఎప్పుడు చూశాను" అంది ఆవిడ, కళ్ళజోడు సర్దుకుంటూ. ఇద్దరూ నవ్వారు. ఆవిడ ముందు నవ్విందో, తనే ముందు నవ్వాడో గుర్తులేదు.

కింద చల్లగా ఉంది. తడిసిన సున్నం వాసన. గోడకి పాతకాలపు ఫోనొకటి. దాని పక్కన గైడు నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయేమో, బొంగురు గొంతు, మెడలో ఈల, చేతిలో పొడుగాటి టార్చి. ఫోనులో "ఎంతమంది? ఇరవయ్యా? సరే" అని పెట్టేసి ఇటు తిరిగింది.

"అందరూ దిగినట్టేనా?"

"దిగడం ఎంతసేపమ్మా! ఎక్కడమే కదా కష్టం" అన్నాడు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన.

"ఎక్కడం లేదండీ, భయపడకండి. అవతలి వీధిలోకి తేలతాం. అక్కడ వాలు దారే. ఒకటే మాట, నేను నడిచినచోటే నడవండి, నేను ఆగినచోట ఆగండి. ఇక్కడ దారులు చీమలపుట్టలా ఉంటాయి. ఒకసారి ఒకాయన ఫొటో కోసమని పక్కసందులోకి వెళ్ళి, మర్నాడు దొరికాడు. అప్పటినుంచీ పైన ఎన్ని టికెట్లు చించితే అన్ని తలకాయలూ లెక్క తేలితేగాని అవతలి తలుపు తియ్యం."

ఇప్పుడే చెప్పెయ్యాలి. పక్కకి పిలిచి, చిన్నగా. రెండు మాటలు. ఇరవై కాదు, పంతొమ్మిదే అనాలి. 'ఆవిడ' అన్న మాటే తేవక్కర్లేదు, అంకె చెబితే చాలు. అంకెలు చెప్పడం అతనికి కొత్తా? కానీ గైడు అప్పటికే వెనుదిరిగి నడుస్తోంది. ఆవిడ నడిచినచోటే నడవాలి కాబట్టి అతనూ నడిచాడు.

గోడలకి రెండువైపులా అరలు తొలిచి ఉన్నాయి, కింద నుంచి పైదాకా ఒకదాని మీద ఒకటి. కొన్ని తెరిచి ఉన్నాయి, కొన్ని ఇటుకలతో మూసి సున్నం మెత్తి ఉన్నాయి. తెరిచినవాటిలో మట్టి రంగు ఎముకలు సర్ది ఉన్నాయి. భయం వేయలేదు. ఎవరో ఇల్లు మారుతూ సామాను కట్టిపెట్టుకున్నట్టుంది.

"అచ్చం రైలు పెట్టెలో బెర్తుల్లా ఉన్నాయే" అన్నాడు టోపీ ఆయన. "అద్దె లేదు, నీళ్ళ బిల్లు లేదు. అందుకే ఇన్ని వందల ఏళ్ళైనా ఒక్కళ్ళూ ఖాళీ చెయ్యలేదు."

"బాబాయ్ గారూ, తల కాస్త వంచండి. తగిలితే మా రాయికి నష్టం" అంది గైడు.

అందరూ నవ్వారు. చివర్న నడుస్తున్న లావుపాటావిడ కూడా నవ్వి, వెంటనే "అబ్బా" అని మోకాలు పట్టుకుంది. ఆవిడకో చేతికర్ర ఉంది. ఐదారు అడుగులకోసారి ఆగుతోంది. అతను తనకి తెలియకుండానే అందరినీ దాటుకుని గైడు వెనకాలే నడుస్తున్నాడు. నలుగురు ఉన్నచోట ముందుకి తేలిపోవడం అతని పాదాల గుణం.

ఒకచోట గైడు ఆగి మూసిన అర మీద టార్చి వేసింది. సున్నంలో ఎముకతో చేసిన గుండీ ఒకటి సగం దిగబడి ఉంది. పక్క అర మీద విరిగిన దువ్వెన. దాని కింద అరకి నీలం గాజు పెంకు.

"పేర్లు రాయించుకోలేనివాళ్ళు, చదవడం రానివాళ్ళు, సున్నం ఆరకముందే ఏదో ఒకటి ఇలా నొక్కి వెళ్ళేవాళ్ళు. మళ్ళీ వచ్చినప్పుడు మనవాళ్ళు ఏ అరలో ఉన్నారో తెలియాలిగా!"

ఇది అతనికి వెంటనే అర్థమైంది. నంబరు లేని ఇళ్ళకి అతని పుస్తకంలో గుర్తులుండేవి: పచ్చ తలుపు, కుంటి కుక్క, అరిచే ముసలాయన. కుక్క చచ్చిపోయాక కూడా ఆ ఇల్లు పుస్తకంలో కుంటి కుక్కే. ఈ మాట ఎవరికైనా చెబుదామని పక్కకి చూశాడు. పక్కన టోపీ ఆయన ఉన్నాడు.

"అదిగో, ఆ పాలరాళ్ళు కలిగినవాళ్ళవి" అని గైడు టార్చి పైకి తిప్పింది. "వీటి మీద మాటలుంటాయి. మా ఆవిడ ఉత్తమురాలు, మా ఆయన దేవుడు, ముప్ఫై ఏళ్ళ కాపురంలో మాటా మాటా అనుకోలేదు. పదహారేళ్ళుగా చూస్తున్నాను, దెబ్బలాడుకున్న మొగుడూ పెళ్ళాలు ఒక్క జంట కూడా లేరు ఇక్కడ."

"రాయి మీద చెక్కేటప్పుడు పక్కనుండి కాదనడానికి వాళ్ళు లేరు కదమ్మా!" అన్నాడు టోపీ ఆయన. మళ్ళీ నవ్వులు.

అతను నవ్వలేదు. ఈ సాయంత్రం కూతురు ఫోను చేస్తుంది. రాళ్ళు చెక్కేవాడు రేపు పొద్దున్నే వాళ్ళమ్మ సమాధిరాయి పని మొదలుపెడతాడట. 'నాన్నా, ఆ మాట అలాగే చెక్కమననా? ఒక్కసారి సరే అంటే చాలు' అని నిన్నటికి రెండుసార్లు అడిగింది. ఆ మాట అతనే చెప్పాడు. అతనే కల్పించాడు.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూతురు చొక్కా పట్టుకుని ఊపేసింది. "నాన్నా, అమ్మ చివర్లో ఏమైనా అందా? నువ్వు పక్కనే ఉన్నావుగా? ఏమంది నాన్నా?" పిల్ల మొహం చూస్తూ లేదని చెప్పే నోరు ఏ తండ్రికుంటుంది? "ఉన్నానమ్మా. నా చేతిలోనే పోయింది" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఊరుకుంటుందనుకున్నాడు. అబద్ధానికి ఆకలెక్కువ. వారం తిరిగేసరికి ఇంకో ముద్ద అడిగింది. బాధపడిందా అంటే, లేదన్నాడు. నవ్వింది కూడా అన్నాడు. నెల తిరిగాక ఒక సాయంత్రం కూతురు ఫోనులో అదేపనిగా ఏడుస్తుంటే, ఆ ఏడుపు ఆపడానికి ఏం చెప్పాలో తెలియక, "ఈసారి నేను ముందు, మీరు నెమ్మదిగా రండి అందమ్మా" అన్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట! కూతురు ఏడుపు మధ్యలో ఆపేసి, పకపకా నవ్వి, "అచ్చం అమ్మే నాన్నా, అచ్చం అమ్మే" అని మళ్ళీ ఏడ్చింది. అప్పటినుంచీ ఆ పిల్ల ఆ మాటనే పట్టుకుని బతుకుతోంది. దుకాణంలో అమ్మతో పనిచేసినవాళ్ళకి చెప్పింది. తన స్నేహితురాళ్ళకి చెప్పింది. ఇప్పుడు రాతికి కూడా చెప్పబోతోంది.

జరిగింది వేరు.

ఇద్దరూ బజారునుంచి వస్తున్నారు. చేతిసంచీ బరువైంది అతని దగ్గరే ఉంది, అది మటుకు నిజం. బస్సు మలుపు తిరగడం చూసి అతను అడుగు పెంచాడు. వెనకనుంచి "ఏమండీ" అంది ఆవిడ. రోజుకి నలభైసార్లు అంటుంది ఏమండీ అని. ఉప్పు అయిపోయినా ఏమండీయే, వాన పడినా ఏమండీయే. అతను తిరగకుండానే చెయ్యి వెనక్కి ఊపి "పద పద, బస్సొచ్చేసింది" అన్నాడు. ముందు తలుపులోంచి ఎక్కాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడవాళ్ళు వెనక తలుపు నుంచి ఎక్కుతుంటారు. కండక్టరు వచ్చి ఎన్ని అంటే రెండు అన్నాడు. ఇంకొకరేరీ అంటే, వెనకాల వస్తోంది అన్నాడు.

తమ వీధి దగ్గర దిగి చూస్తే ఆవిడ లేదు. అప్పుడైనా కంగారు పడ్డాడా? లేదు. చిరాకు పడ్డాడు. ఎక్కలేకపోయి ఉంటుంది, తర్వాతి బస్సుకి వస్తుందిలే అనుకుని పావుగంట నిలబడ్డాడు. తర్వాతి బస్సులోనూ రాలేదు. నిలబడి నిలబడి విసుగెత్తి ఇంటికి వెళ్ళిపోయాడు. చెప్పులు విప్పాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కూరలు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. వస్తే అనాల్సిన మాటలు కూడా వరుసగా సిద్ధం చేసుకున్నాడు. నడవడం రాకపోతే బజారుకి ఎందుకు రావాలి, ఇంట్లో కూర్చోవచ్చుగా, ఇలాంటివి. అప్పుడు ఫోను మోగింది. ఆవిడ నంబరే. ఎత్తి "ఎక్కడ చచ్చావ్?" అన్నాడు.

అవతల ఎవరో మగగొంతు. చెప్పులు కుట్టేవాణ్ణి అన్నాడు. ఆవిడ తన కొట్టు పక్కనే గోడకి ఆనుకుని జారిపోయిందనీ, తనే ఆటోలో తీసుకొచ్చాననీ, డాక్టర్లు చూసి లాభం లేదన్నారనీ. ఇంకేదో కూడా చెప్పబోయాడు. "ఆవిడ మిమ్మల్నండీ..." అని మొదలుపెట్టాడు. అతను "ఏ ఆసుపత్రి?" అని అడ్డం పడ్డాడు. ఆ తర్వాత ఈ ఐదు నెలల్లో ఆ బజారు వైపు వెళ్ళలేదు.

ఆ ఏమండీకి తర్వాత ఇంకేముంది? ఆగండి అనా? ఊపిరాడ్డం లేదనా? వంకాయలు మర్చిపోయామనా? అన్నం తింటుంటే, స్నానం చేస్తుంటే, ఈ ప్రశ్న అతని వెనక పది అడుగుల దూరంలో నడుస్తూనే ఉంటుంది. తిరిగి చూస్తే ఏమవుతుందో అని తిరగడు.

"ఇదిగోండి, వచ్చేశాం" అంది గైడు.

దారి చివర ఇనపచువ్వల తలుపు, దాని అవతల వాలుగా పైకి పోయే బాట, ఆ పైన మధ్యాహ్నపు ఎండ. తలుపు పక్క గోడకి ఇక్కడా ఓ ఫోను. గైడు తలుపుకి వీపు ఆనించి నిలబడి, ఒక్కొక్కరి భుజం మీద టార్చితో తాకుతూ లెక్కపెట్టింది. చివర్న మోకాలావిడ రొప్పుకుంటూ వచ్చి చేరింది. గైడు మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టింది.

"పంతొమ్మిది."

"టోపీని కూడా కలుపు తల్లీ" అన్నాడు టోపీ ఆయన. ఈసారి గైడు నవ్వలేదు. ఫోను ఎత్తి పైనున్న టికెట్ల మనిషితో మాట్లాడింది. "సరిగ్గా చూడు. నువ్వే చించావా? ఇరవయ్యేనా? పేర్లు చదువు." వాడు అవతల చదువుతుంటే ఈవిడ ఇక్కడ గట్టిగా పలుకుతోంది. ఒక్కొక్కరూ "ఆ", "నేనే" అంటున్నారు. అతని పేరు వచ్చింది. "ఆ" అన్నాడు. తర్వాతి పేరు అతని భార్యది.

ఎవరూ పలకలేదు.

గైడు ఇంకోసారి పలికింది. గోడలు ఆ పేరుని కాసేపు తమలో ఉంచుకుని వదిలేశాయి.

"ఈవిడ ఎవరితో వచ్చారు?"

ఇప్పుడు. ఇప్పుడే. అతని నాలుక కదిలింది కూడా. కానీ గైడు జవాబు కోసం నిలబడలేదు. ఫోనులో "తర్వాతి గుంపుని దింపకు, మనిషి మిస్సయింది" అని చెప్పి, "ఎవరూ ఇక్కణ్ణుంచి కదలొద్దు" అని ఆజ్ఞాపించి, వచ్చిన దారిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. టార్చి వెలుతురు మలుపు తిరిగింది. లోపలనుంచి బొంగురు గొంతు వినబడింది. ఆ పేరే. పక్కన గారూ చేర్చి.

ఆ పేరు విని ఎన్నాళ్ళైంది! కూతురు అమ్మ అంటుంది. చుట్టాలు ఆవిడ అంటారు, పాపం చేర్చి. అతనైతే బతికుండగానే పేరుతో పిలవలేదు. ఇదిగో, ఏమోయ్, వింటున్నావా, ఇంతే. ఇప్పుడు ముక్కూమొహం తెలియని మనిషి భూమి అడుగున ఆ పేరుని నోరారా పిలుస్తూ తిరుగుతోంది. ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. రెండో సందులోంచి, మూడో సందులోంచి.

"భయపడకండీ! ఉన్నచోటే ఉండండీ! నేను వస్తున్నానూ!"

అతను చేత్తో గోడ పట్టుకున్నాడు. ఆపాలి. గైడు పరిగెత్తుతోంది, పడుతుందేమో, లేని మనిషి కోసం. ఆపాలని తెలుసు. కానీ ఇంకొక్కసారి పిలవనీ అనుకున్నాడు. సిగ్గులేకుండా అనుకున్నాడు. ఐదు నెలల తర్వాత ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళారు. ఎవరో ఒకరు ఉన్నచోటే ఉండు, నేను వస్తున్నాను అన్నారు. చల్లటి గోడని పట్టుకుని, కళ్ళు మూసుకుని, అతను ఆ పిలుపుని ఆకలిగొన్నవాడిలా విన్నాడు. ఒక్క క్షణం నిజంగానే లోపల ఏ అర పక్కనో ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నట్టూ, ఇప్పుడు దొరుకుతుందన్నట్టూ అనిపించింది.

అప్పుడు పక్కన ఎవరో వెక్కినట్టు వినబడింది.

మోకాలావిడ. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. "నేనే అందరికన్నా ఆఖర్న నడిచాను" అంటోంది టోపీ ఆయనతో. "నా వెనకాల ఎవరో ఉన్నట్టే అనిపించిందండీ. అడుగుల చప్పుడు కూడా విన్నట్టుంది. నా నొప్పి గోలలో నేను తిరిగి చూడలేదు. ఒక్కసారి తిరిగి చూసి ఉంటే పోయేదేముంది? అయ్యో, ఎక్కడ పడిపోయిందో మహాతల్లి!"

"మీరేం చేస్తారమ్మా, ఊరుకోండి" అన్నాడు టోపీ ఆయన. వేళాకోళమంతా ఆయన గొంతులోంచి దిగిపోయింది.

"ఊరుకోవడమేంటండీ! తిరిగి చూడాల్సింది. నాదే తప్పు. నాదే."

అతను కళ్ళు తెరిచాడు. ఆవిడ లావుపాటి బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతికర్ర వదల్లేకపోతోంది. తన సొంత మాటలు, ఐదు నెలలుగా తను పైకి అనలేని మాటలు, ఏ పాపం ఎరగని ఆవిడ నోట్లోంచి వస్తున్నాయి. ఈ బరువు మోసుకుని ఇంటికి వెళ్తుంది. రాత్రి నిద్రపట్టక మోకాలు నిమురుకుంటూ ఆ అడుగుల చప్పుడే వింటుంది.

"మీ వెనకాల ఎవరూ లేరమ్మా" అన్నాడతను.

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"లేరు. మీరు ఏడవకండి. మీ తప్పేం లేదు" అని, ఆవిడని దాటి, టోపీ ఆయన్ని దాటి, అందరూ చూస్తుండగా వచ్చిన దారిలోకి వెనక్కి నడిచాడు. నెమ్మదిగా నడవాల్సి వచ్చింది. టార్చి లేదు. గోడ తడుముకుంటూ, అరల అంచులు వేళ్ళకి తగులుతుంటే, గొంతు వచ్చినవైపుకి వెళ్ళాడు.

రెండో మలుపులో గైడు ఎదురైంది. జుట్టు రేగిపోయి ఉంది. మోచెయ్యి గీరుకుని ఉంది. "కదలొద్దని చెప్పానా లేదా? మీరు కూడా తప్పిపోతే నేనెక్కడ చావాలి?" అని అరిచింది.

"ఆవిడ మా ఆవిడ" అన్నాడు. "లోపల లేదు."

"లేకపోవడమేంటి? పైనే ఉండిపోయారా?"

"పోయింది." చిన్న మాట. నోట్లోంచి వచ్చాక ఎంత చిన్నదో తెలిసింది. "ఐదు నెలలైంది."

గైడు టార్చి దించింది. వెలుతురు ఇద్దరి పాదాల మధ్యా గుండ్రంగా పడింది.

"మరి టికెట్టు ఎందుకు చింపించారండీ?"

"వెనకాల వస్తోంది అన్నాను."

"ఎందుకన్నారు?"

"అలవాటు" అన్నాడు. ఆ జవాబు చాలదని అతనికే తోచింది. "ఆ రోజు బస్సులోనూ అలాగే అన్నానమ్మా. ఆవిడ ఎక్కలేదు. రోడ్డు మీద పడిపోయింది. నన్ను పిలిచింది కూడా. నేను చూసుకోలేదు. ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను."

గైడుకి మళ్ళీ కోపం వచ్చినట్టుంది, లేక ఏడుపో. "పైన తర్వాతి ఇరవై మందినీ ఆపేయించాను. నా గుండె ఎట్లా కొట్టుకుంటోందో తెలుసా మీకు? ఒక మనిషి కోసం వెతుకుతుంటే ఎలా ఉంటుందో తెలుసా?"

"తెలీదు" అన్నాడు నిజంగానే. "నేను వెతకలేదు."

ఆవిడ ఇంక తిట్టలేదు. మోచెయ్యి ఊదుకుంది. "పదండి" అని వెనుదిరిగి, నాలుగడుగులు వేసి ఆగి, టార్చి వెనక్కి పట్టింది, అతని కాళ్ళకి దారి కనబడేలా. తలుపుదాకా అలాగే వెనక్కి చూసుకుంటూ నడిచింది.

తలుపు దగ్గర ఆవిడ జనానికి ఏం చెప్పిందో అతను వినలేదు. పొరపాటని చెప్పినట్టుంది. ఎవరో "గంట దండగ చేశాడు, మతి ఉండాలి" అన్నారు. ఇంకెవరో ఉష్ అన్నారు. తలుపు తీశాక కూడా టోపీ ఆయన కదలకుండా నిలబడి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, అతను దాటాక మళ్ళీ పెట్టుకున్నాడు. మోకాలావిడ మాత్రం తిన్నగా దగ్గరకొచ్చి, "నిజంగా నా వెనకాల ఎవరూ లేరు కదా బాబూ?" అని ఇంకోసారి అడిగింది. లేరని ఇంకోసారి చెప్పాడు. "అమ్మయ్య" అంది. అన్నాక తప్పు మాట అన్నానేమో అన్నట్టు అతని చెయ్యి పట్టుకుని, వదిలేసి, కర్ర టకటకలాడించుకుంటూ వాలు ఎక్కిపోయింది.

పైన వీధి మామూలుగా ఉంది. సైకిళ్ళు, ఆరేసిన బట్టలు, గేటు పక్కన సిమెంటు అరుగు. ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ అతను ఆ అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రందాకా ఆగొచ్చు. కూతురే చేస్తుంది. చేసి, సరే అనమని అడుగుతుంది. ఒక్క మాట. సరే అంటే ఆ పిల్ల బతుకు హాయిగా గడిచిపోతుంది. ప్రతి ఏడూ ఆ రాయి ముందు నిలబడి నవ్వుకుంటుంది. నిజం చెబితే ఏం మిగులుతుంది దానికి? తల్లి రోడ్డు మీద, తండ్రి బస్సులో. ఇక నాన్నా అని పిలుస్తుందో లేదో. ఒకవేళ పిలవకపోతే?

కానీ ఎవరో చెప్పులు కుట్టేవాడికి తెలిసిన మాట ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దాన్ని తోసేసి, తన మాటని రాతిలోకి ఎక్కిస్తున్నాడు. ఆవిడ నోట్లో తన మాట. ఇక మీదట ఎవరూ ఆవిడ ఏమందని అడగరు. ఎవరూ వెనక్కి వెళ్ళరు.

అతను ఫోను తీశాడు. వేళ్ళకి సున్నం అంటుకుని ఉంది. పాంటుకి తుడుచుకుని, కూతురి నంబరు నొక్కాడు. మూడుసార్లు మోగింది.

"నాన్నా! చూశావా? ఎలా ఉంది? అమ్మ ఉంటే భలే సరదాపడేది కదా?"

"అమ్మా" అన్నాడు. "ఆ మాట చెక్కించకు. మీ అమ్మ అన్నది కాదది. ఆవిడ పోయినప్పుడు నేను పక్కన లేను."